బిస్సీలో కేకలు ఆగిన శుక్రవారం

మొన్న ఆదివారం చర్చి నుంచి వస్తూ మా అమ్మాయి, అల్లుడు నన్ను ముంబై పక్కన ఠాణేలో ఒక పెద్ద హోటలుకు తీసుకెళ్ళారు. చల్లటి గది, మెత్తటి కుర్చీలు, పెళ్ళి ఆల్బమంత బరువున్న మెనూ. మా పక్క బల్ల దగ్గర ఏడెనిమిది మంది కుర్రాళ్ళు, ఎవరిదో పుట్టినరోజు కాబోలు, ఇల్లెగిరిపోయేలా అరుస్తున్నారు. మా అల్లుడికి గోల పడదు. ఇంట్లో మిక్సీ తిప్పినా తలుపేసుకునే రకం. ఒకసారి వాళ్ళకేసి చూశాడు, ఇంకోసారి గొంతు సవరించుకున్నాడు, చివరికి వెయిటర్ను పిలిచి చెవిలో చెప్పాడు. ఆ వెయిటరు వెళ్ళి వంగి ఏదో అనగానే బల్ల మొత్తం ఒక్కసారిగా ఊరుకుంది. అల్లుడు హమ్మయ్య అన్నాడు. నాకు మాత్రం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.  నాకు తెలియకుండానే ఆ కుర్రాళ్ళ పెదవులకేసి చూస్తున్నాను, ఇంకా కదులుతున్నాయేమోనని. "ఏమైందమ్మా?" అంది అమ్మాయి. ఏసీ ఎక్కువైందన్నాను. ఈ కాలంలో పిల్లలకు చెప్పే జవాబుల్లో ఏసీ బాగా పనికొస్తుంది.

నాకు గోల అంటే భయం లేదు. గోలలోనే పుట్టాను, గోలలోనే పెరిగాను. మగ్గాల ఊరు భివండీలో పుట్టినవాళ్ళకు ఉయ్యాల పాటకన్నా ముందు సాంచాల చప్పుడు వినిపిస్తుంది. సాంచా అంటే కరెంటు మగ్గం, మా తెలంగాణ వాళ్ళు దాన్ని అలాగే పిలుస్తారు. శాంతి నగర్లో మా పుట్టింటికీ కార్ఖానాకూ మధ్య ఒక్కటే గోడ. ఆ గోడకు ఆనుకుని పడుకుంటే ఒళ్ళంతా సన్నగా వణికేది. ఆ వణుకు ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. పెళ్ళయి అదే ఊళ్ళో కామత్‌ఘర్ వచ్చాక కూడా చప్పుడేమీ మారలేదు, గోడ మారింది, అంతే. తొంభైలు వెళ్ళిపోతున్న రోజులవి. మా ఆయన ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాసేవాడు, పొద్దున పోతే రాత్రికి వచ్చేవాడు. మా మామ సాంచాల మీద పని. మా అత్తమ్మ బిస్సీ నడిపేది. నెలకింతని మాట్లాడుకుని సాంచాల వాళ్ళు రెండు పూటలా వచ్చి తినే పూటకూటి ఇంటిని అక్కడ బిస్సీ అంటారు. రేకుల కప్పు, నాలుగు పొడుగు బల్లలు, వాటికి బెంచీలు, గోడకు ఒక సిలువ, దాని పక్కన పనిచేయని ఫ్యాను. అన్నం, పప్పు, పచ్చిపులుసు, వారానికోసారి పుంటికూర, అదే గోంగూర. ఇంత చిన్న బిస్సీకి మా అత్తమ్మ దర్జా చూస్తే తాజ్‌మహల్ హోటలు ఈమెదే అనుకోవాలి. వడ్డించేటప్పుడు ఎవరైనా పళ్ళెం ముందుకు తోస్తే, "నాకు కండ్లున్నయి" అని రెండోసారి వాడికి ఆఖరున వేసేది. తినేవాళ్ళ పక్కన బెంచీ మీద కూర్చోవడం నేను ఒక్కనాడూ చూడలేదు. కూర్చుంటే ఇల్లు ఆగిపోతుందన్నట్టు తిరిగేది.

సాంచాల వాళ్ళు ఎందుకు అరుస్తారో కొత్తవాళ్ళకు అర్థం కాదు. పొట్లాడుకుంటున్నారనుకుంటారు. ఏళ్ళ తరబడి ఆ చప్పుడులో నిలబడ్డ చెవులు మెల్లగా మూసుకుపోతాయి. బయటికి వచ్చాక తన గొంతు తనకే వినపడదు, ఎదుటివాడికీ వినపడదు, ఇక ఇద్దరూ కేకలు వేసుకోవడమే. అయితే వాళ్ళకు ఇంకో మాట కూడా ఉంది. కార్ఖానాలో ఎంత అరిచినా లాభం లేదు గనక అక్కడ గొంతు వాడరు. పెదవులు మాత్రం కదుపుతారు, కొంచెం పెద్దగా, నిదానంగా. అవతలి సాంచాల దగ్గరున్నవాడు చూసి జవాబిస్తాడు. అలా పొద్దంతా సంసారాల గురించి, ఊళ్ళ గురించి, సేటు పిసినారితనం గురించి చప్పుడు లేకుండా చెప్పుకుంటారు. నాకు ఆ మాట వచ్చు. మా అమ్మ కండెలు చుడుతూ మమ్మల్ని తిట్టడానికి దాన్నే వాడేది. చుట్టాల ముందు నవ్వుముఖంతోనే, గొంతు లేకుండా, వీపు పగులుతుంది అనేది. మా అత్తమ్మకు మాత్రం రాదు. ఆమె పెళ్ళయ్యాక ఊరి నుంచి వచ్చి నేరుగా పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి, సాంచాల మధ్య ఒక్కరోజు నిలబడలేదు. "నోరుండి మూగోళ్ళ లెక్క ఏందది?" అని ఎక్కిరించేది.

మామకు చెవులు దాదాపు పోయాయి. మాటలూ తక్కువే. ఆయన, ఆయనతో పనిచేసే ఐదుగురు దోస్తులు ఎప్పుడూ కలిసి వచ్చేవాళ్ళు, వంటింటికి ఎదురుగా ఉన్న బల్ల దగ్గరే కూర్చునేవాళ్ళు. బెంచీ చివర, గోడ మూలకు మామ. ఆయనకు వినపడాలని ఐదుగురూ ఆ మూలకు తిరిగి అరిచేవాళ్ళు. ఆయన అన్నం కలుపుకుంటూ, ఎప్పుడో ఒకసారి పెదవులు కదిపేవాడు. చిన్నప్పుడు పన్ను ఊడి దవడ వాచిందట, అప్పటినుంచీ మాట్లాడితే నోటి ఎడమ కొస కొంచెం కిందికి జారేది. ఆయన ఏదో అనగానే ఐదుగురూ బల్ల గుద్ది నవ్వేవాళ్ళు. మిగతావాళ్ళకు ఏమీ వినపడేది కాదు. అత్తమ్మ వంటింట్లోంచి, "ఇది బిస్సీనా, కల్లు దుకాణమా?" అని అరిచేది. ఆ అరుపు కూడా వాళ్ళకు వినపడేది కాదు.

ఒక వేసవి మధ్యాహ్నం మామ సాంచాల మధ్యనే గుండె ఆగి పడిపోయాడు. సమాధి సొంత ఊళ్ళోనే చేయాలని జీపు కట్టుకుని తీసుకెళ్ళాం. అత్తమ్మ కొన్నాళ్ళు ఊళ్ళో ఉండి, తిరిగొచ్చి మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఏడ్వలేదు, ఒక మాట ఎక్కువ మాట్లాడలేదు. కానీ పొద్దున్నే పొయ్యి ముందు, గోడకు తిరిగి, ఆమె పెదవులు కదులుతుండేవి. ప్రార్థన చేసుకుంటోంది, ఆ మనసుకు దేవుడే దిక్కు అనుకుని నేను అడుగుల చప్పుడు కాకుండా తప్పుకునేదాన్ని. కొన్ని వారాల తరువాత బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఆమే చెప్పింది. మామ పోయిన రోజు పొద్దున ఇద్దరికీ చిన్న గొడవైందట. మామ, ఇక చాలు, ఊరికి పోదాం అన్నాడట. బిస్సీ వదిలి ఎక్కడికొస్త అని ఈమె కసిరిందట. మధ్యాహ్నం ఆయన తిండికి రాకపోతే ఈమే ఎండలో టిఫిన్ పట్టుకుని కార్ఖానాకు పోయింది. ఆయన టిఫిన్ అందుకుని, ఈమె వైపు తిరిగి ఏదో ఒక మాట అన్నాడు. ఈమెకు ఆ పెదవుల మాట రాదని మరిచిపోయి, అలవాటు కొద్దీ గొంతు లేకుండా పెదవులతోనే అన్నాడు. ఈమెకు తెలియలేదు. పొయ్యి మీద అన్నం ఉంది, గిరాకీ వచ్చే వేళ. సరే సరే అని చెయ్యూపి వచ్చేసింది. ఆ తరువాత వచ్చింది కబురే.

"ఏమన్నడో బిడ్డా," అంది, చేటలోకి చూస్తూ. "ఆ నోరు ఎట్ల కదిలిందో నాకు మొత్తం యాదికున్నది. మరిచిపోతనేమోనని రోజు నోరు అట్లనే కదిపి చూసుకుంట."

 ఇన్నాళ్ళూ పొయ్యి ముందు నేను చూసింది ప్రార్థన కాదు. "నాకు చూపియ్యి అత్తమ్మా, నేను చదివి చెప్త," అన్నాను. ఆమె చప్పున కొంగుతో నోరు మూసుకుంది. "వద్దు. తిట్టిండనుకో? పోయినోని చేత మళ్ళ తిట్టించుకోమంటవా? తెల్వకుంటే ఏదన్న కావచ్చు," అంది. మంచి మాట కావచ్చుగా అని నేనంటే, కావచ్చు గానీ ధైర్యం లేదంది. ఆ చేట పక్కన పెట్టి లేచిపోయింది. ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. పొద్దున్నే పెదవులు కదపడం మాత్రం ఆపలేదు.

ఆ ఐదుగురూ కొన్ని రోజులు తల వంచుకుని తిని పోయారు. తరువాత మెల్లగా గొంతులు లేచాయి. మొదట మంచిదే అనుకున్నాం, దుఃఖం తగ్గిందని. ఒకరోజు పచ్చిపులుసు పోస్తూ గమనించాను. వాళ్ళు ఒకరితో ఒకరు అరవడం లేదు. ఐదుగురూ మునుపటిలాగే ఆ మూలకు తిరిగి అరుస్తున్నారు. మామ కూర్చునే చోటు ఖాళీగా ఉంది. బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంటున్నారే తప్ప ఆ చోట్లోకి ఎవరూ జరగడం లేదు. "అన్నా, సేటు ఇయ్యాల తిట్లు తిన్నడు!" అని ఒకాయన గోడకేసి కేక వేశాడు. మాది క్రైస్తవుల ఇల్లు. చనిపోయినవాళ్ళకు విస్తరి పెట్టే అలవాటు మాకు లేదు, దయ్యాలూ గియ్యాలూ నమ్మం, కనీసం పగటిపూట నమ్మం. అలవాటు కొద్దీ అరుస్తున్నారులే, పాపం, అనుకున్నాను. అయినా ఆరోజు నుంచి ఆ మూల పక్కనున్నాయనకు వడ్డించడానికి నేను చెయ్యి బాగా చాచేదాన్ని, దగ్గరికి పోయేదాన్ని కాదు.

షోలాపూర్ నుంచి ఒక నడివయసు మనిషి కొత్తగా బిస్సీలో చేరాడు. సంగతేమీ తెలియదు, మూల ఖాళీగా ఉందని పోయి కూర్చున్నాడు. ఐదుగురిలో ఎవరూ కాదనలేదు. వాళ్ళ పాటికి వాళ్ళు ఆయన మీదుగా కేకలు వేస్తూనే ఉన్నారు. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, పళ్ళెం పట్టుకుని లేచి వచ్చి గడప మీద కూర్చున్నాడు. ఏమైందంటే, "అక్కడ మనిషి ఉన్నడు గదమ్మా," అన్నాడు, అది నేనెలా మరిచిపోయానన్నట్టు. నేను నవ్వేశాను. ఐదుగురు మనుషులు మన తలకాయలోంచి అవతలికి చూస్తూ మాట్లాడితే ఎవరైనా లేచి పోతారని మనసుకు చెప్పుకున్నాను. మనసు సగం విన్నది.

అత్తమ్మకు మాత్రం ఆ కేకలు పడేవి కావు. ఆ బల్ల వైపు వీపు పెట్టి పనిచేసేది. ఇంకో చిక్కు కూడా వచ్చింది. నిజాంపురాలో బట్టల దుకాణం గుమాస్తా ఒకాయన శుక్రవారాలు భార్యను తీసుకుని మా పుంటికూర కోసం వచ్చేవాడు. మర్యాదస్థుడు, చెవుల్లో దూది పెట్టుకుని తినేవాడు. శుక్రవారం సాంచాలు బంద్. ఆరోజు భివండీ భివండీలా ఉండదు. ఎక్కడో కాకి అరిస్తే మన నెత్తి మీద అరిచినట్టుంటుంది. అంత నిశ్శబ్దంలో ఆ ఐదుగురూ మామూలు రోజు గొంతుతోనే అరుస్తుంటే రేకులు మోగేవి. ఒక శుక్రవారం మధ్యాహ్నం గుమాస్తా దంపతులు తింటుండగా ఆ ఐదుగురూ వచ్చి కూర్చున్నారు. నేను పళ్ళేలు పెట్టానో లేదో ఒకాయన, "అన్నా, వదినె పుంటికూర జేసింది!" అని మూలకు ఒక కేక పెట్టాడు. గుమాస్తా భార్య చేతిలో గ్లాసు నీళ్ళు ఒలికాయి. గుమాస్తా లేచి, దూది తీసి, ఇక మేము రామమ్మా అన్నాడు. అత్తమ్మ నా భుజం తట్టి, "నువ్వే పోయి చెప్పు బిడ్డా. నేను చెప్తే ఏడుస్త," అంది.

ఐదుగురిలో పెద్దాయన మామకు ఎదురు సాంచాల మీద పనిచేసినవాడు. ఆయన దగ్గరికి పోయి, "కాకా, జర మెల్లగ మాట్లాడుండ్రి, పక్కోళ్ళు తింటున్నరు," అన్నాను. పెద్దాయన నా పెదవులు చూసి నాలుక కరుచుకున్నాడు. "అరె, మర్చినం బిడ్డా. ఇయ్యాల సాంచాలు బంద్ గదా," అన్నాడు. అంతే, చప్పుడు తెగిపోయింది. గుమాస్తా కూర్చున్నాడు. నేను అటు తిరగబోయి ఆగాను. వాళ్ళ మాటలు ఆగలేదు. గొంతులు మాత్రమే ఆగాయి. ఐదు నోళ్ళూ నిదానంగా కదులుతున్నాయి, ఆ ఖాళీ మూలకు తిరిగి.

చదవకుండా ఉండాలంటే కళ్ళు మూసుకోవాలి. నాకు ఆ తెలివి రాలేదు. "నీ కోడలు కోప్పడ్డదే," అన్నాడు ఒకాయన పెదవులతో, గోడకేసి. ఆగారు. ఐదుగురూ ఒక్కసారే చప్పుడు లేకుండా నవ్వారు, భుజాలు కదిలేలా. "నీ సాంచాల మీదికి కొత్తోడు వచ్చిండు, వానికి పని రాదు," అన్నాడు ఇంకొకాయన. మళ్ళీ ఆగారు, ఒక మనిషి జవాబు చెప్పేటంతసేపు. తలలూపారు. ఒకడు అలా చేస్తే పిచ్చి అనుకోవచ్చు, ఇద్దరైతే వేళాకోళం అనుకోవచ్చు. ఐదుగురూ ఒకే క్షణాన వినడం మొదలుపెట్టి, ఒకే క్షణాన విన్నది చాలించి, ఒకే చోట నవ్వుతున్నారు. వాళ్ళ చూపులన్నీ గోడకు కొంచెం ఇవతల, కూర్చున్న మనిషి నోరు ఉండేటంత ఎత్తులో ఆగి ఉన్నాయి. పట్టపగలు, నడినెత్తిన ఎండ, నా చేతిలో పచ్చిపులుసు గిన్నె. సగం నా కాళ్ళ మీదే పోసుకున్నాను.

వంటింట్లోకి వచ్చేసరికి అత్తమ్మ గరిట పట్టుకుని నిలబడి ఉంది. "సప్పుడు బందైంది. ఏం చేస్తున్నరు?" అంది.

"మామతోని మాట్లాడుతున్నరు అత్తమ్మా," అన్నాను. 

ఆమె ఉలిక్కిపడలేదు. "ఆయన మాట్లాడుతున్నడా?"

"వాళ్ళు ఆగి వింటున్నరు. నాకైతే ఎవరు కనబడుతలేరు."

అత్తమ్మ స్టవ్వు ఆర్పింది. గిరాకీ ఉండగా ఆమె స్టవ్వు ఆర్పడం నేను అదే మొదటిసారి చూడటం. చేతులు కొంగుకు తుడుచుకుని నేరుగా ఆ బల్ల దగ్గరికి నడిచింది. నేను వెనకే పోయాను, ఆమె కొంగు కొస పట్టుకుని. ఇరవై దాటిన దాన్ని, పెళ్ళైన దాన్ని, చిన్నపిల్లలా పట్టుకున్నాను.

"అన్నా," అంది పెద్దాయనతో. "ఆయన పోయిన దినం నాతోని ఒక మాట అన్నడు. నాకు సమజ్ కాలె. నువ్వు ఎదురు సాంచాల మీదనే ఉంటివి గదా, నువ్వు చూసినవా?"

"లేదు చెల్లె. ఆయన నీ దిక్కు తిరిగి ఉండె. నాకు వీపే కనబడ్డది."

"అయితే ఇప్పుడు చూడుండ్రి," అంది.

ఇన్నాళ్ళూ గోడకు మాత్రమే చూపించిన మాటను ఆమె వాళ్ళకు చూపించింది. గొంతు లేదు. పెదవులు నిదానంగా విడివడ్డాయి. ఎడమ కొస కొంచెం కిందికి జారింది. ఆ క్షణం నేను జీవితంలో మరిచిపోలేను. మా అత్తమ్మ ముఖం మీద మా మామ నోరు కదిలింది. కండ్లు ఆమెవే, బొట్టులేని నుదురు ఆమెదే, ఆ నోరు మాత్రం ఆయనది, అచ్చంగా, అన్నం కలుపుకుంటూ ఎప్పుడో ఒకసారి మాట్లాడే ఆ నోరు. ఆమె దాన్ని అన్ని నెలలు, రోజూ పొద్దున, చెడిపోకుండా దాచింది.

నేను చదివేశాను. ఐదుగురూ చదివారు, నాకు తెలుస్తూనే ఉంది. అయినా ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఐదుగురూ కలిసి మూలకు తిరిగారు, అడిగి చెప్పాల్సిన మాట అయినట్టు. కాసేపు చూశారు. పెద్దాయన తలూపి ఇటు తిరిగాడు. ఆయనకు మెల్లగా మాట్లాడటం రాదు. గల్లీ అంతా వినపడేలా చెప్పాడు.

"'జరసేపు కూసో' అన్నడు చెల్లె!"

గుమాస్తా, ఆయన భార్య, గడప మీద షోలాపూర్ మనిషి, అందరూ తినడం ఆపారు. అత్తమ్మ అలాగే నిలబడింది.

"గంతేనా?"

"గంతే."

"కోపంతోని అన్నడా?"

పెద్దాయన మళ్ళీ మూలకు చూశాడు. ఒక జవాబుకు పట్టేటంతసేపు ఆగాడు. "లేదు చెల్లె. ఎండల నడిచొచ్చినవని అన్నడట."

'అన్నడట' అన్న ఆ మాట వినగానే నేను అత్తమ్మ కొంగును ఇంకా గట్టిగా పట్టుకున్నాను. అత్తమ్మకు అదేమీ పట్టలేదు. ఆయన పోయిన నాడు రాని ఏడుపు అప్పుడు వచ్చింది. "అన్నం మాడుతదని ఉరికొచ్చిన అన్నా," అంది. "ఆ దినం అన్నం మాడనే మాడింది." నేను కూడా ఏడ్చాను, భయం మరిచిపోయి. మా మామ ఎన్నడూ ఎవరినీ ఏమీ అడిగిన మనిషి కాదు. అడగక అడగక అడిగింది అదొక్కటి, కాసేపు కూర్చోమని.

ఐదుగురూ బెంచీ మీద ఇంకొంచెం ఇరుక్కున్నారు. మూలకు ఇవతల మనిషి పట్టేటంత జాగా చేశారు. అత్తమ్మ కొంగు సర్దుకుని అక్కడ కూర్చుంది, ఖాళీ చోటుకు ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని. బెంచీ మీద ఎలా కూర్చోవాలో తెలియనట్టు కూర్చుంది. కాసేపటికి పెద్దాయన మూలకేసి చూసి ముసిముసిగా నవ్వాడు. "ఏమన్నడు?" అంది అత్తమ్మ. "పుంటికూరల ఉప్పెయ్యలేదంటున్నడు చెల్లె!" అని గట్టిగా అరిచాడు. "బతికినన్ని దినాలు గదే అన్నడు," అని ఈమె కండ్లు తుడుచుకుంటూ మూలకేసి కసిరింది. ఐదుగురూ రేకులెగిరిపోయేలా నవ్వారు. గుమాస్తా దూది మళ్ళీ చెవుల్లో పెట్టుకున్నాడు, కానీ లేచి పోలేదు. నేను వంటింట్లోకి వచ్చి పుంటికూర గిన్నెలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు లేదు. అసలు వెయ్యనేలేదు. ఆ బల్ల మీద పళ్ళేల్లో ఇంకా ఎవరూ చెయ్యి పెట్టలేదు.

ఆ ఉప్పు సంగతి పాస్టరు గారిని అడుగుదామనుకుని మానేశాను, కొన్ని సంగతులు అడిగితే చిన్నవైపోతాయి. కేకలు తగ్గించమని ఆ బల్లకు ఆ తరువాత ఎవరూ చెప్పలేదు. కొన్నేళ్ళకు ఒకాయన ఊరికి పోయాడు, ఇంకొకాయన మంచం పట్టాడు, పెద్దాయన ఒక్కడే వచ్చి ఒక్కడే అరిచి తిని పోయేవాడు, తరువాత ఆయనా రాలేదు. అత్తమ్మ మాత్రం తన చివరి రోజుల దాకా, ఎంత గిరాకీ ఉన్నా, మధ్యాహ్నం స్టవ్వు ఆర్పి ఆ బెంచీ మీద కూర్చునేది. ఇక చాలు లే అత్తమ్మా అని నేనంటే, ఆ జరసేపు ఇంకా కాలేదనేది. అప్పుడు అర్థం కాలేదు గానీ, ఇప్పుడు ఆమె వయసు నాకు వచ్చాక తెలుస్తోంది. జరసేపు అనేది అడిగిన పూట ఇస్తేనే జరసేపు. ఆ పూట దాటిపోయాక బతుకంతా కూర్చున్నా అది పూర్తి కాదు.